పీటర్ ఫ్రాన్సిస్కో సమాధి దగ్గర మార్చి 15 కార్యక్రమం: రాయి ఎలా కడగాలి, కరపత్రంలో ఏం రాయాలి?

షార్ట్‌పంప్‌వాసి:

అందరికీ నమస్కారం. వర్జీనియాలోని రిచ్‌మండ్‌లో షాకో హిల్ సిమెట్రీలో ఉన్న, అమెరికా విప్లవ యుద్ధపు సిపాయి పీటర్ ఫ్రాన్సిస్కో సమాధి దగ్గర మార్చి 15న నివాళి కార్యక్రమం ఉంది. ఆయన పేరు పెట్టుకున్న స్థానిక హెరిటేజ్ సొసైటీ చేస్తోంది. మా వైపు నుంచి నాలుగైదు తెలుగు కుటుంబాలు వాలంటీర్లుగా వెళ్తున్నాం. మాకు అప్పజెప్పినవి: ముందువారం సమాధి రాయి శుభ్రం చేయడం, ఒక పేజీ కరపత్రం (ఇంగ్లిష్‌లో ఒక వైపు, మా పిల్లల తాతయ్య, అమ్మమ్మల కోసం తెలుగులో ఇంకో వైపు), రీత్‌లు (పూలచక్రాలు) పెట్టే వరుస చూసుకోవడం.

ఆయన గురించి నెట్‌లో చూస్తే ఒక్కోచోట ఒక్కోలా ఉంది. 1,100 పౌండ్ల ఫిరంగి భుజాన వేసుకున్నాడని, జార్జి వాషింగ్టన్ ఆరడుగుల కత్తి చేయించి ఇచ్చాడని, ఒక్కడే పదకొండు మందిని నరికాడని ఉంది. ఇందులో ఏది రాయవచ్చు? రాయి దేనితో కడగాలి? బ్లీచ్ కలిపిన నీళ్లు చాలంటున్నారు ఒకరు. ఇంకో చిన్న ప్రశ్న: మనలాంటివాళ్లు ఇలాంటి సంఘాల్లో సభ్యులుగా చేరవచ్చా?

పాతకాగితాలు:

కరపత్రం సంగతి నేను చెప్తాను. రాయి సంగతి తెలిసినవాళ్లు చెప్తారు, అప్పటిదాకా బ్లీచ్ జోలికి మాత్రం పోకండి.

మీరు విన్న ప్రతి మాటనీ మూడింటిలో ఒక చోట పెట్టండి: కాగితం మీద ఉన్నది, కుటుంబంలో చెప్పుకుంటూ వచ్చినది, తర్వాతివాళ్లు అతికించినది. మొదటిది నేరుగా రాయండి. రెండోది "అని చెబుతారు" అని రాయండి. మూడోది వదిలేయండి.

కాగితం మీద గట్టిగా నిలిచేవి ఇవి. 10వ వర్జీనియా రెజిమెంటులో సిపాయి. 1777 సెప్టెంబర్ 11న బ్రాండీవైన్‌లో గాయపడ్డాడు. 1778 జూన్ 28న మాన్‌మత్‌లో తొడలో గుండు దిగింది. 1779 జూలైలో స్టోనీ పాయింట్ కోట మీద రాత్రి దాడిలో పొట్ట మీద పెద్ద గాయం. ఆ తర్వాత దక్షిణాదిలో 1780 ఆగస్టు 16న క్యామ్డెన్, 1781 మార్చి 15న గిల్ఫర్డ్ కోర్ట్‌హౌస్ యుద్ధాలు. మీ కార్యక్రమం తేదీ ఈ చివరిదాని నుంచే వచ్చింది. వర్జీనియా, మసాచుసెట్స్, రోడ్ ఐలండ్‌లలో ఆ రోజును ఆయన పేరిట గుర్తుచేసుకుంటారు. చివరి రోజుల్లో వర్జీనియా శాసనసభలో సార్జంట్ ఎట్ ఆర్మ్స్‌గా (సభలో క్రమం చూసే అధికారిగా) పనిచేస్తూ 1831 జనవరి 16న కన్నుమూశాడు.

కుటుంబ కథ అనదగ్గది బాల్యం. 1765లో ఇప్పటి హోప్‌వెల్ దగ్గర సిటీ పాయింట్ రేవులో సుమారు అయిదేళ్ల పిల్లవాణ్ని ఎవరో ఓడవాళ్లు దింపి వెళ్లిపోయారని, వాడి భాష ఎవరికీ అర్థం కాలేదని, బూట్ల వెండి బకిల్స్ మీద పి, ఎఫ్ అనే అక్షరాలున్నాయని చెబుతారు. ప్యాట్రిక్ హెన్రీకి మేనమామ అయిన ఆంథొనీ విన్‌స్టన్ ఆ పిల్లవాణ్ని తీసుకెళ్లి బకింగ్‌హామ్ కౌంటీలో తన ఎస్టేటులో పనికి పెట్టుకున్నాడు. పుట్టింది అజోర్స్ దీవుల్లోని టెర్సైరాలో అని తర్వాతి పరిశోధకుల అభిప్రాయం. పోర్చుగీసు మూలాలున్న అమెరికన్లు ఆయన్ని తమవాడిగా చూసుకునేది ఇందుకే. న్యూజెర్సీవాళ్లకు తెలిసే ఉంటుంది, నెవార్క్ పెన్ స్టేషన్ పక్కనున్న పార్కు ఆయన పేరుదే.

ఇక ఫిరంగి. 1,100 పౌండ్లంటే దాదాపు 499 కిలోలు. 2016లో ఎడీ హాల్ 500 కిలోల బార్‌ను నేల మీంచి తొడల దాకా ఎత్తితేనే ప్రపంచ రికార్డు అయింది. దాన్ని భుజం మీద వేసుకుని నడవడం వేరే సంగతి. ఆ కాలంలో గ్రాస్‌హాపర్ అనే చిన్న 3 పౌండర్ (మూడు పౌండ్ల గుండు పేల్చే) ఫిరంగి గొట్టం ఒక్కటీ సుమారు 200 పౌండ్లు ఉండేది. ఆరడుగుల ఆరంగుళాలు, 260 పౌండ్లు అని చెప్పే మనిషి అలాంటిది మోశాడంటే నమ్మవచ్చు. కాబట్టి "క్యామ్డెన్ నుంచి సేన వెనక్కి తగ్గుతుంటే ఒక ఫిరంగిని భుజాన మోసుకొచ్చాడని చెబుతారు" దగ్గర ఆపండి, బరువు వేయకండి.

పదకొండు మంది అన్న లెక్క గిల్ఫర్డ్ యుద్ధభూమిలో ఆయన స్మారకం మీద చెక్కి ఉంది. అది యుద్ధం జరిగి వందేళ్లు దాటాక పెట్టిన రాయి. రాయాలనుకుంటే "స్మారకం మీద ఇలా ఉంది" అని రాయండి. వాషింగ్టన్ కత్తి చేయించి ఇచ్చాడన్నది సంప్రదాయ కథ. "ఇతడు లేకపోతే యుద్ధం ఓడిపోయేవాళ్లం" అన్నట్టు వాషింగ్టన్ పేరిట తిరిగే మాటను మాత్రం అచ్చులో పెట్టకండి. ఆయన ఉత్తరాలు ఫౌండర్స్ ఆన్‌లైన్ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా వెతుక్కోవచ్చు. అక్కడ చూపించలేని మాట మీ సొసైటీ పేరుతో బయటికి వెళ్తే, దాంతోపాటు నిజమైన వాటి మీద కూడా అనుమానం వస్తుంది.

అసలు కాగితాలు చూడాలంటే: నేషనల్ ఆర్కైవ్స్‌లో ఎం804 అనే మైక్రోఫిల్మ్ వరుసలో విప్లవ యుద్ధపు పింఛను, భూమి పట్టా ఫైళ్లు సుమారు 80,000 ఉన్నాయి. ఫైలు నంబరుకు ముందు ఎస్ ఉంటే సిపాయి బతికుండగా పెట్టుకున్నది, డబ్ల్యూ ఉంటే భార్య పెట్టుకున్నది, ఆర్ ఉంటే తిరస్కరించినది. ఫ్రాన్సిస్కోకు మూడు పెళ్లిళ్లు. మూడో భార్య మేరీ ఆయన పోయాక బతికున్న మనిషి. కాబట్టి డబ్ల్యూ కింద కూడా వెతకండి. సర్వీస్ రికార్డులు ఎం881లో. రోల్స్‌లో (సిపాయిల జాబితాల్లో) ఖాళీలు కనిపిస్తే కంగారుపడకండి, 1800 నవంబర్ 8న యుద్ధశాఖ కార్యాలయం కాలిపోయి బోలెడు కాగితాలు పోయాయి. ఇంటి పేరు స్పెల్లింగ్ కూడా రకరకాలుగా వేసి చూడాలి. ఆయన వర్జీనియా శాసనసభకు పెట్టుకున్న అర్జీలాంటివి లైబ్రరీ ఆఫ్ వర్జీనియాలో దొరుకుతాయి. అది మీ ఊళ్లోనే బ్రాడ్ స్ట్రీట్ మీద ఉంది. పిల్లల్ని తీసుకెళ్లండి, ప్రవేశం ఉచితం.

రాతిపని:

షార్ట్‌పంప్‌వాసి గారూ, మొదటి మాట: మార్చి మొదటివారంలో రాయి కడగకండి. రిచ్‌మండ్‌లో అప్పటికింకా రాత్రుళ్లు గడ్డకట్టే చలి పడుతుంది. తడిసిన పాలరాయి రంధ్రాల్లో నీళ్లు గడ్డకడితే వ్యాకోచించి పైపొర పగులుతుంది. పగలూ రాత్రీ 45 డిగ్రీల ఫారన్‌హీట్ తగ్గని రోజులు కావాలి. ఏప్రిల్ చివర గానీ, అక్టోబర్‌లో గానీ పెట్టుకోండి. మార్చికి ఎండుటాకులు ఏరడం, చుట్టూ గడ్డి చేత్తో కత్తిరించడం చాలు. గడ్డి మిషన్ తీగ రాయికి తగిలితే అడుగున గీతలు పడతాయి. ఈ సిమెట్రీల్లో రాళ్ల అడుగుభాగాన కనిపించే గాట్లు ఎక్కువగా దానివల్లే.

రెండో మాట: అనుమతి. షాకో హిల్ సిమెట్రీ రిచ్‌మండ్ నగరానిది. నగర సిమెట్రీల విభాగం నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. అక్కడే పనిచేస్తున్న ఫ్రెండ్స్ ఆఫ్ షాకో హిల్ సిమెట్రీ వాళ్లతో కూడా మాట్లాడండి. ఏ రాయి ఎప్పుడు కడిగారో వాళ్ల దగ్గర వివరం ఉంటే, మళ్లీ కడగాల్సిన అవసరమే ఉండకపోవచ్చు. కడిగిన ప్రతిసారీ ఎంతో కొంత రాయి పోతుంది. అందుకే ఏటా కడగాలన్న నియమం పెట్టుకోకండి.

కడిగే ముందు పరీక్ష. పొడి వేలితో రాయిని మెల్లగా తడిమి చూడండి. వేలికి పంచదారలా గింజలు అంటితే ఆ పాలరాయి విడిపోతోందని అర్థం, ముట్టుకోవద్దు. వేలి కణుపుతో తట్టండి. డొల్ల శబ్దం వస్తే లోపల పొర వేరుపడింది, అదీ ముట్టుకోవద్దు. రాయి ఊగుతుంటే నిపుణులకు చెప్పండి.

గట్టిగా ఉంటే సరంజామా ఇది: ఒక్కో రాయికి 3 నుంచి 5 గ్యాలన్ల మంచినీళ్లు (ఇంటి నుంచి తెచ్చుకోండి, చలికాలంలో సిమెట్రీ కుళాయిలు కట్టేసి ఉండొచ్చు), తోటకు వాడే చేతి పంపు స్ప్రేయర్, ప్లాస్టిక్ బకెట్, మెత్తటి నైలాన్ గానీ సహజ కుచ్చు గానీ ఉన్న బ్రష్‌లు, అక్షరాల్లో నాచు తీయడానికి వెదురు పుల్లలు. ఇనప బ్రష్, చాకు, ప్రెషర్ వాషర్ రానివ్వకండి. ముందు రాయిని బాగా తడపాలి. ఎండిన రాయి మీద మందు పోస్తే లోపలికి పీల్చేస్తుంది. తర్వాత కింది నుంచి పైకి రుద్దుకుంటూ వెళ్లాలి. పై నుంచి మొదలుపెడితే మురికినీరు కింద పొడిగా ఉన్న రాయి మీద కారి చారలు పడతాయి. చాలాసార్లు నీళ్లతోనే సగం పని అయిపోతుంది.

నల్లటి పాచి, లైకెన్ మిగిలితే డీ/2 బయలాజికల్ సొల్యూషన్ అనే రాళ్లు కడిగే మందు వాడండి. జాతీయ సిమెట్రీల్లో వాడేది ఇదే. ఒక సమాధికి ఒక క్వార్టు డబ్బా చాలు, నీళ్లు కలపనక్కర్లేదు. తడిరాయి మీద చల్లి 10, 15 నిమిషాలు ఆరకుండా చూసి, మెల్లగా రుద్ది, బాగా కడిగేయండి. ఆ రోజే తెల్లగా రాలేదని రెండోసారి, మూడోసారి రుద్దుతారు చూడండి, అక్కడే రాయి పాడవుతుంది. మందు లోపలున్న జీవాన్ని నెమ్మదిగా చంపుతుంది, వాన పడేకొద్దీ వారాలూ నెలలూ తెల్లబడుతూనే ఉంటుంది. మధ్యలో కొంత నారింజ రంగుకు తిరిగినా భయపడకండి, అది పోతుంది.

బ్లీచ్ ఎందుకు వద్దంటే, అది ఆరాక రంధ్రాల్లో ఉప్పు మిగులుతుంది. తడిసినప్పుడల్లా కరిగి, ఆరినప్పుడల్లా స్ఫటికమై పెరిగి లోపలి నుంచి రాయిని తొలుస్తుంది. మొదటి నెల మెరిసిపోతుంది, పదేళ్లకు అక్షరాలు రాలిపోతాయి. వెనిగర్, నిమ్మరసం సరాసరి పాలరాయిని కరిగిస్తాయి. అక్షరాలు కనబడటానికి సుద్దముక్క, షేవింగ్ క్రీమ్ రాసేవాళ్లున్నారు, అదీ వద్దు. ఒక పెద్ద అద్దంతో పక్క నుంచి ఎండ పడేలా చేయండి, నీడల్లో అక్షరాలు తేలతాయి, ఫొటో బాగా వస్తుంది.

తెలుగు కుటుంబాలు వస్తున్నాయి కాబట్టి ఒక్కటి గట్టిగా చెప్పాలి. పెద్దవాళ్లు భక్తితో రాయికి పసుపు, కుంకుమ పెట్టబోతారు, నూనె దీపం వెలిగించబోతారు, కొబ్బరికాయ కొడతారు. పాలరాయి పసుపు మరకను పీల్చుకుంటే వదలదు. నూనె మరక అసలు పోదు. కర్పూరం మసి కూడా అంతే. ఇంటి దగ్గరే ముందుగా చెప్పి తీసుకురండి, అక్కడ అందరిలో ఆపితే వాళ్లు నొచ్చుకుంటారు. పూలు తేవచ్చు, కానీ రాయి మీద కాకుండా ముందున్న నేల మీద పెట్టాలి. తడి బంతిరేకులు కూడా మరక చేస్తాయి.

షార్ట్‌పంప్‌వాసి:

ఇద్దరికీ చాలా థాంక్సండీ. కడగడం ఏప్రిల్ చివరికి మార్చమని సొసైటీవాళ్లకు ఈరోజే రాస్తాను. ఇంకో రెండు సందేహాలు. పిల్లలు పోస్టర్ మీద ఫిరంగి మోస్తున్న బొమ్మ వేస్తామంటున్నారు, 1975 పోస్టల్ స్టాంపు మీద అదే ఉందట. వేయనివ్వాలా? తుపాకీ వందనం కూడా ఉంటే బాగుంటుందని కొందరి కోరిక. అది మనం ఏర్పాటు చేయవచ్చా?

జెండావరుస:

స్టాంపు సంగతి నిజమే. 1975లో విప్లవానికి తోడ్పడిన సామాన్యుల మీద నాలుగు స్టాంపులు వచ్చాయి: సిబిల్ లడింగ్టన్, సేలం పూర్, హేమ్ సాలొమన్, పీటర్ ఫ్రాన్సిస్కో. ఆయనది 18 సెంట్లది. పోస్టర్‌లో ఆ బొమ్మ వేసి కింద "1975 స్టాంపులో చూపినట్టు" అని రాయిస్తే సరిపోతుంది. ఇంకా మంచి బొమ్మ కావాలంటే 1814లో అచ్చయిన చెక్కుబొమ్మ ఉంది, తొమ్మిది మంది బ్రిటిష్ గుర్రపు సిపాయిలను ఆయన ఎదుర్కొన్న ఘట్టం. 1781 జూలైలో ఇప్పటి నాటొవే కౌంటీలో బెన్ వార్డ్ టావెర్న్ దగ్గర జరిగిందంటారు. ఆ బొమ్మ వచ్చేనాటికి ఆయన బతికే ఉన్నాడు, కాబట్టి కాలానికి దగ్గరిది.

తుపాకీ వందనం మీరు ఏర్పాటు చేయకండి. పాతకాలపు బ్లాక్ పౌడర్ తుపాకులతో శిక్షణ ఉన్న కలర్ గార్డ్‌లు (జెండాలు మోసే దళాలు) విప్లవకాలపువాళ్ల వారసుల సంఘమైన సన్స్ ఆఫ్ ది అమెరికన్ రెవల్యూషన్ శాఖల్లో ఉంటాయి, వాళ్లను పిలవండి. నగరం అనుమతి, పోలీసులకు ముందస్తు కబురు, బీమా పత్రం కావాలి. వాళ్ల భద్రతాధికారి చెప్పిందే ఆఖరి మాట. జనమంతా కాల్చేవాళ్ల వెనకే ఉండాలి. చంటిపిల్లలున్నవాళ్లకు ముందే చెప్పి దూరంగా నిలబెట్టండి, మూడుసార్లు పేల్తుంది.

వరుస మామూలుగా ఇలా సాగుతుంది: జెండాల రాక, ప్రార్థన, ప్రతిజ్ఞ, స్వాగతం, మూడు నిమిషాల జీవితచరిత్ర, రీత్‌లు, తుపాకీ వందనం, బగుల్ మీద ట్యాప్స్ (సైనిక నివాళి రాగం), జెండాల నిష్క్రమణ. ఎక్కువగా చెడేది రీత్‌ల దగ్గరే. ఒక్కో సంస్థకు 40 సెకన్లు పడుతుంది, పన్నెండు సంస్థలొస్తే ఎనిమిది నిమిషాలు. పేర్లు ముందే తెప్పించుకుని, ఎలా పలకాలో చదివేవాళ్లతో రిహార్సల్ చేయించండి. వచ్చినవాళ్లు రీత్ పెట్టి, రెండడుగులు వెనక్కి వేసి, కుడిచేయి గుండె మీద ఉంచి, పక్కకు తప్పుకోవాలి. యూనిఫాం లేనివాళ్లు సెల్యూట్ చేయనక్కర్లేదు. రీత్ స్టాండు కాళ్లు సమాధికి కనీసం ఒక అడుగు దూరంలో గుచ్చండి. ఇనప తీగ రాయికి ఆనితే తుప్పు మరక, తడిసిన ఎర్ర రిబ్బను ఆనితే రంగు మరక. వారం, పది రోజుల్లో వాటిని తీసేసే మనిషి పేరు ఇప్పుడే రాసిపెట్టుకోండి.

అమెరికా జెండా వరుసలో దాని కుడి చివర, అంటే చూసేవాళ్లకు ఎడమ చివర. రాష్ట్ర జెండా, రెజిమెంటు జెండా వంచవచ్చు, అమెరికా జెండా ఎవరికీ వంచరు. సిమెట్రీలో కరెంటు దొరకదు, బ్యాటరీ స్పీకర్ తీసుకెళ్లండి. పాత సమాధుల దగ్గర నేల కుంగి ఉంటుంది, పెద్దవాళ్ల కుర్చీలు దారి మీదే వేయండి.

ట్యాప్స్ విప్లవకాలపు పాట కాదని ప్రకటనలో తెలిసేలా ఉంటే మంచిది. అది 1862లో, అంతర్యుద్ధంలో, హారిసన్స్ ల్యాండింగ్ దగ్గర పుట్టింది. అదీ జేమ్స్ నది ఒడ్డే, ఫ్రాన్సిస్కో దిగిన సిటీ పాయింట్‌కు దిగువన.

సభ్యత్వం గురించి అడిగారు. సన్స్, డాటర్స్ ఆఫ్ ది అమెరికన్ రెవల్యూషన్‌లలో చేరాలంటే ఆ కాలపు మనిషి నుంచి తరతరానికీ రక్తసంబంధం రుజువు చూపాలి, మనకు అది లేదు. సమాధుల సంరక్షణ చేసే ఫ్రెండ్స్ సంఘాలకు, చాలా కౌంటీ హిస్టారికల్ సొసైటీలకు ఆ నియమం ఉండదు, ఎవరైనా చేరవచ్చు. చేతుల అవసరం నిజంగా ఉన్నదీ అక్కడే.

సర్కారుజిల్లా:

తెలుగు వైపు కరపత్రానికి ఒక సూచన. గిల్ఫర్డ్‌లో అవతలి పక్క సేనాని ఎవరో తాతయ్యలకు చెప్పండి, వెంటనే కూర్చుని వింటారు. ఆయన మన బడి పుస్తకాల్లో శాశ్వత శిస్తు నిర్ణయంతో వచ్చే కారన్‌వాలీసే. ఆ రోజు మైదానం ఆయనకే దక్కింది గానీ సుమారు 1,900 మందిలో 500 మందికి పైగా చనిపోవడమో గాయపడటమో జరిగింది. ఆ దెబ్బతిన్న సేనతో వర్జీనియాకు వచ్చి, 1781 అక్టోబర్ 19న యార్క్‌టౌన్‌లో లొంగిపోయాడు. 1786లో మన దేశానికి గవర్నర్ జనరల్‌గా వచ్చి 1793లో బెంగాల్‌లో శాశ్వత శిస్తు పెట్టాడు. 1802 నుంచి అదే పద్ధతి ఉత్తర సర్కారులకు, విజయనగరం లాంటి జమీందారీలకు వచ్చింది. శ్రీకాకుళం, విశాఖ, గోదావరి జిల్లాల పెద్దలకు జమీందారీ శిస్తు అంటే వేరే వివరణ అక్కర్లేదు.

ఇంకొకటి: 1782 ఏప్రిల్‌లో డెలవేర్ అఖాతంలో బ్రిటిష్ ఓడ జనరల్ మంక్‌ను పట్టుకున్న పెన్సిల్వేనియా ఓడ పేరు హైదర్ అలీ. ఆ పేరుగల మైసూరు పాలకుడు అదే ఏడాది డిసెంబర్‌లో చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేటలో తన శిబిరంలో చనిపోయాడు. చోటుంటే ఒక వాక్యం వేయండి, లేకపోతే కారన్‌వాలీస్ చాలు.

పాతకాగితాలు:

సర్కారుజిల్లా గారి సూచన బాగుంది. నాదొక మనవి: షాకో హిల్‌కు వెళ్తున్నారు కాబట్టి కరపత్రంలో పక్కనున్న షాకో హిల్ ఆఫ్రికన్ బరీయింగ్ గ్రౌండ్‌ను వదలకండి. 1816లో మొదలై, బానిసలుగానూ స్వతంత్రులుగానూ బతికిన నల్లజాతివాళ్లు 22,000 మందికి పైగా అక్కడ ఉన్నారని అంచనా. పైన ఒక్క రాయి కనబడదు. ఒక సిపాయి రాయిని ఇంత జాగ్రత్తగా చూసుకునేవాళ్లు అవతలి నేలను చూడకుండా కారెక్కి వెళ్లిపోతే బాగోదు.

మెకానిక్స్‌విల్:

మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. మా కౌంటీలో ఒక విప్లవ సిపాయి సమాధికి రాయే లేదు. ప్రభుత్వం ఇస్తుందా?

జెండావరుస:

ఇస్తుందండీ. వెటరన్స్ అఫైర్స్ శాఖకు ఫారం 40-1330. 1917 ఏప్రిల్ 6కు ముందే సర్వీసు ముగిసినవారి విషయంలో బంధువే కానక్కర్లేదు, ఎవరైనా దరఖాస్తు పెట్టవచ్చు. సర్వీసు రుజువుగా పింఛను ఫైలో సర్వీస్ రికార్డో జతచేయాలి. సమాధికి గుర్తు లేదని చూపాలి, స్థలం యజమాని లేదా సిమెట్రీ బాధ్యుల సంతకం కావాలి. రాయి ఉచితం, పాతించే ఖర్చు మీది. నిలువు పాలరాయి 42 అంగుళాల పొడవు, 13 వెడల్పు, 4 మందం, దాదాపు 230 పౌండ్లు ఉంటుంది. ఇద్దరు మోసేది కాదు, దింపుకోవడానికి మనుషుల్ని చూసుకోండి. ఎక్కువగా తిరిగొచ్చేది ఒకే పేరుగల ఇద్దరు సిపాయిల కాగితాలు కలిసిపోయినప్పుడు. రెజిమెంటు, కౌంటీ, చనిపోయిన తేదీ మూడూ కలిశాకే పంపండి.

షార్ట్‌పంప్‌వాసి:

తెలుగు వైపు మొదటి పేరా రాశాను, చూడండి: "పీటర్ ఫ్రాన్సిస్కో పోర్చుగల్‌లో పుట్టి, అయిదేళ్లప్పుడు వర్జీనియా రేవులో ఒంటరిగా దొరికాడు. కమ్మరి పని నేర్చుకుని పదహారో ఏట సైన్యంలో చేరాడు. బ్రాండీవైన్, మాన్‌మత్, స్టోనీ పాయింట్‌లలో గాయపడినా మళ్లీ మళ్లీ వెనక్కి వెళ్లాడు. 1781 మార్చి 15న గిల్ఫర్డ్‌లో కారన్‌వాలీస్ సేన మీద విలియం వాషింగ్టన్ గుర్రపు దళంతో కలిసి పోరాడాడు."

పాతకాగితాలు:

మూడు చోట్ల మార్చండి. "పోర్చుగల్‌లో పుట్టి" బదులు "అజోర్స్ దీవుల్లో పుట్టాడని భావిస్తారు". "దొరికాడు" తర్వాత "అని చెబుతారు" చేర్చండి. "వెనక్కి వెళ్లాడు" అంటే తెలుగులో పారిపోయినట్టు వినిపిస్తుంది, "మళ్లీ మళ్లీ యుద్ధానికి వెళ్లాడు" అనండి. విలియం వాషింగ్టన్ అని మీరు పూర్తి పేరు రాయడం మంచిదైంది. అక్కడ ఒట్టి వాషింగ్టన్ అంటే అందరూ జార్జి అనుకుంటారు.